మంగళంపల్లి బాలమురళీకృష్ణ

మంగళంపల్లి బాలమురళీకృష్ణ (జూలై 6, 1930 - నవంబర్ 22, 2016) ప్రసిద్ధ కర్ణాటక సంగీత విద్వాంసుడు, వాగ్గేయకారుడు, వాద్య కళాకారుడు, నేపథ్య గాయకుడు, సంగీత దర్శకుడు. గాయకుడిగా ఆయన పేరు విననివారు తెలుగునాట అరుదు. అయితే సంగీత చరిత్రలో ఆయనకు గల స్థానం గానానికి మాత్రమే పరిమితమైనది కాదు. త్యాగరాజు, ముత్తుస్వామి దీక్షితులు, శ్యామశాస్త్రి రచించిన కృతులే కచేరీలకు ప్రధాన ఆధారంగా స్థిరపడిన కాలంలో ఆయన 400కు పైగా స్వీయ రచనలు చేశాడు. 72 మేళకర్త రాగాలన్నింటిలోనూ కృతులు రచించాడు. నాలుగు స్వరాలు, మూడు స్వరాలు మాత్రమే గల కొత్త రాగాలను ప్రవేశపెట్టాడు. ఈ కారణంగా, రాగానికి కనీసం ఎన్ని స్వరాలు ఉండాలి, కొత్త రాగాన్ని సృష్టించడం సాధ్యమేనా అన్న ప్రశ్నలు ఇరవయ్యవ శతాబ్దపు కర్ణాటక సంగీతంలో తీవ్రమైన చర్చకు దారితీశాయి.

జననం, బాల్యం

బాలమురళీకృష్ణ అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ, తూర్పు గోదావరి జిల్లాలోని శంకరగుప్తం గ్రామంలో జన్మించాడు. ఈ గ్రామం 2022లో ఏర్పడిన కోనసీమ జిల్లాలో చేరింది. తండ్రి పట్టాభిరామయ్య వేణుగాన విద్వాంసుడు, సంగీతోపాధ్యాయుడు. తల్లి సూర్యకాంతమ్మ వైణికురాలు. భక్తి కీర్తనలు రచించిన ప్రయాగ రంగదాసు ఆయనకు మాతామహుడు. బాలమురళీకృష్ణ శిశువుగా ఉన్నప్పుడే తల్లి మరణించింది. తండ్రి సంరక్షణలో విజయవాడలో పెరిగాడు.

ఆయనకు పెట్టిన పేరు మురళీకృష్ణ. ఎనిమిదేళ్ళ వయసులో విజయవాడలో జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవంలో పూర్తి కచేరీ చేశాడు. ఆ పిల్లవాని ప్రతిభను చూసి ప్రసిద్ధ హరికథకుడు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ ఆ పేరుకు ముందు "బాల" అన్న మాటను చేర్చాడు. నాటి నుండి బాలమురళీకృష్ణ అన్న పేరే స్థిరపడింది.

గురుపరంపర

తండ్రి బాలమురళీకృష్ణను పారుపల్లి రామకృష్ణయ్య పంతులు వద్ద శిష్యుడిగా చేర్చాడు. పంతులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి శిష్యుడు. శాస్త్రి మానాంబుచావడి వెంకటసుబ్బయ్య శిష్యుడు. వెంకటసుబ్బయ్య సాక్షాత్తు త్యాగరాజ స్వామి శిష్యుడు. ఈ విధంగా త్యాగరాజు నుండి లెక్కిస్తే బాలమురళీకృష్ణ ఐదవవాడు.

ఈ పరంపర ఆయన రచనలను అర్థం చేసుకోవడానికి ముఖ్యమైనది. సంప్రదాయానికి వెలుపల ఉన్నవాడు చేసిన ప్రయోగాన్ని సంప్రదాయజ్ఞులు పట్టించుకోకపోవచ్చు. కానీ బాలమురళీకృష్ణ త్యాగరాజ శిష్యపరంపరలో శిక్షణ పొందినవాడు, ఆ కృతులను పాడడంలో అగ్రశ్రేణికి చెందినవాడు. కాబట్టి ఆయన ప్రతిపాదించిన కొత్తదనాన్ని విద్వాంసులు ఆమోదించడమో ఖండించడమో చేయవలసి వచ్చింది.

గాత్రంతో పాటు వయొలిన్, వయోలా, వీణ, మృదంగం, కంజీర వాయించడంలో కూడా ఆయనకు ప్రావీణ్యం ఉంది. పేరుగాంచిన విద్వాంసులకు వయొలిన్ పక్కవాద్యం వాయించాడు. వయోలాపై ప్రత్యేక కచేరీలు చేశాడు.

వాగ్గేయకారుడిగా

పదాన్నీ స్వరాన్నీ రెండింటినీ తానే కూర్చేవానిని వాగ్గేయకారుడు అంటారు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో సాధారణంగా కవి వేరు, సంగీత రచయిత వేరు. అక్కడి రచయిత స్వరాలన్నింటినీ కాగితంపై లిఖిస్తాడు, వాద్యబృందం దానిని అనుసరిస్తుంది. కర్ణాటక సంగీతంలో కృతి ఒక మూలరూపం మాత్రమే. గాయకుడు దానిని సంగతులతో, నెరవుతో, స్వరకల్పనతో విస్తరిస్తాడు. అందువలన ఇక్కడ రచన నిలవాలంటే ఇతర గాయకులు దానిని నేర్చుకొని పాడాలి. బాలమురళీకృష్ణ తన రచనలను తానే పాడగలగడం, ఆ పాటకు శ్రోతలు ఉండడం వలన ఆయన కృతులు ఆయన జీవితకాలంలోనే ప్రచారంలోకి వచ్చాయి.

ఆయన రచనలు ఎక్కువగా తెలుగు, సంస్కృత భాషలలో ఉన్నాయి. వాటిలో వర్ణాలు, కృతులు, తిల్లానాలు, భక్తిగీతాలు ఉన్నాయి. రచనలలో "మురళి" అన్న మాట ముద్రగా కనిపిస్తుంది. గంభీరనాట రాగంలోని "అమ్మ ఆనందదాయిని" పదవర్ణం, షణ్ముఖప్రియ రాగంలోని "ఓంకార ప్రణవ" వర్ణం, బృందావని, కుంతలవరాళి, కదనకుతూహల రాగాలలోని తిల్లానాలు బహుళ ప్రచారం పొందాయి. ఈ తిల్లానాలను సంగీత కచేరీలతో పాటు నృత్య ప్రదర్శనలలో కూడా విరివిగా ఉపయోగిస్తున్నారు.

72 మేళకర్తలలో కృతులు

కర్ణాటక సంగీతంలో ఏడు స్వరాలు, వాటి భేదాల ఆధారంగా 72 జనక రాగాలను ఏర్పరచారు. ఈ సంఖ్య గణితం ద్వారా వచ్చినది. షడ్జమ పంచమాలకు మార్పు లేదు. రిషభ గాంధారాలను ఆరు విధాలుగా జత చేయవచ్చు. ధైవత నిషాదాలను కూడా ఆరు విధాలుగా జత చేయవచ్చు. మధ్యమం శుద్ధ మధ్యమం, ప్రతి మధ్యమం అని రెండు రకాలు. ఆరును ఆరుతో, ఆ లబ్ధాన్ని రెండుతో గుణిస్తే 72 వస్తుంది. పదిహేడవ శతాబ్దంలో వేంకటమఖి తన "చతుర్దండి ప్రకాశిక" గ్రంథంలో ఈ విభజనను ప్రతిపాదించాడు.

వీటిలో 40 మేళకర్తలను వివాది మేళాలు అంటారు. వీటిలో షట్శ్రుతి రిషభం, శుద్ధ గాంధారం, షట్శ్రుతి ధైవతం, శుద్ధ నిషాదం అనే స్వరాలలో కనీసం ఒకటి ఉంటుంది. పక్కపక్క స్వరాలు అతి దగ్గరగా ఉండడం వలన వీటిని పాడడం కష్టం. కొందరు విద్వాంసులు వీటిని దోషయుక్తాలుగా భావించి విడిచిపెట్టేవారు. 72 మేళాలను స్పృశించిన రచనలు అంతకు ముందూ ఉన్నాయి. పందొమ్మిదవ శతాబ్దంలో మహావైద్యనాథ అయ్యర్ 72 మేళాలను ఒకే రాగమాలికగా కూర్చాడు. కోటీశ్వర అయ్యర్ తమిళంలో ప్రతి మేళానికీ కృతి రచించాడు.

బాలమురళీకృష్ణ పదిహేనేళ్ళ వయసు నాటికే 72 మేళకర్తలలో పాడగల సామర్థ్యం సంపాదించి, ఒక్కొక్క దానిలో కృతిని కూర్చాడు. ఈ కృతుల సంపుటి "జనకరాగ కృతి మంజరి" 1952లో ప్రచురింపబడింది. తరువాతి కాలంలో వీటిని "రాగాంగ రవళి" అన్న పేరుతో తొమ్మిది భాగాలుగా సంగీత రికార్డింగ్ సంస్థ విడుదల చేసింది. మేళకర్త పట్టికలో పేరుకు మాత్రమే ఉండి కచేరీలో వినిపించని రాగాలకు ఈ సంపుటి ద్వారా తెలుగు, సంస్కృత సాహిత్యంతో కూడిన రచనలు లభించాయి. సంగీత విద్యార్థికి ఒక మేళం లక్షణాన్ని పట్టికలో చదవడం కంటే ఆ రాగంలో ఒక కృతిని నేర్చుకోవడం ఎక్కువ ఉపయోగకరం.

కొత్త రాగాలు

సంప్రదాయ విభజన ప్రకారం ఏడు స్వరాలు గల రాగాన్ని సంపూర్ణమని, ఆరు స్వరాలు గలదానిని షాడవమని, ఐదు స్వరాలు గలదానిని ఔడవమని అంటారు. మోహనం, హిందోళం వంటివి ఔడవ రాగాలు. ఐదుకు తగ్గిన స్వరాలు గల రాగాలకు వాడుకలో ఉన్న వర్గీకరణలో చోటు లేదు. బాలమురళీకృష్ణ ఈ హద్దును దాటాడు. ఆయన ప్రవేశపెట్టిన రాగాలలో కొన్ని:

* మహతి - షడ్జమం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం (నాలుగు స్వరాలు)
* లవంగి - షడ్జమం, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం (నాలుగు స్వరాలు)
* సుముఖం - షడ్జమం, చతుశ్శ్రుతి రిషభం, ప్రతి మధ్యమం, కాకలి నిషాదం (నాలుగు స్వరాలు)
* సర్వశ్రీ - షడ్జమం, శుద్ధ మధ్యమం, పంచమం (మూడు స్వరాలు)

వీటితో పాటు సిద్ధి, ఓంకారి, గణపతి మొదలైన రాగాలను కూడా ఆయన ప్రవేశపెట్టాడు. మహతి రాగంలో "మహనీయ మధురమూర్తే", లవంగి రాగంలో "ఓంకారాకారిణి" ప్రసిద్ధమైన కృతులు. మహతి అన్నది నారద మహర్షి వీణ పేరు.

మహతి రాగాన్ని పరిశీలిస్తే ఈ ప్రయోగంలోని చిక్కు, ఆకర్షణ రెండూ తెలుస్తాయి. సాధారణంగా ఒక జన్యరాగం ఏ జనకరాగం నుండి పుట్టిందో దాని స్వరాలను బట్టి నిర్ణయిస్తారు. మహతిలో రిషభ, మధ్యమ, ధైవతాలు లేవు. అంతర గాంధారంతో మూడు రిషభాలలో ఏదైనా జత కావచ్చు. మధ్యమం రెండింటిలో ఏదైనా కావచ్చు. కైశికి నిషాదంతో రెండు ధైవతాలు జత కాగలవు. అంటే స్వరాలను మాత్రమే లెక్కిస్తే 12 మేళకర్తలు ఈ రాగానికి జనకాలు కాగలవు. ఐదు స్వరాల మోహనానికి కూడా ఇటువంటి సందిగ్ధత కొంత ఉంది గాని, స్వరాలు తగ్గినకొద్దీ అది పెరుగుతుంది.

మహతిలోని నాలుగు స్వరాలను ఒకేసారి మోగిస్తే పాశ్చాత్య సంగీతంలో డామినెంట్ సెవెంత్ అని పిలిచే స్వరసమూహం వస్తుంది. ఆ సంగీతంలో అది మరొక స్వరసమూహానికి దారితీసే మధ్యస్థితి. భారతీయ సంగీతంలో స్వరాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి, ఆధార షడ్జమం నిరంతరం వినిపిస్తూ ఉంటుంది. కాబట్టి అవే నాలుగు స్వరాలు ఇక్కడ వేరొక అనుభూతిని ఇస్తాయి. స్వరాల మధ్య అంతరాలు పెద్దవి కావడం వలన గాయకుడు శ్రుతిశుద్ధితో పాడవలసి ఉంటుంది. చిన్నపాటి లోపం కూడా వెంటనే తెలిసిపోతుంది.

రాగసృష్టిపై వివాదం

బాలమురళీకృష్ణ కొత్త రాగాలను అందరూ ఆమోదించలేదు. ప్రముఖ వైణికుడు ఎస్. బాలచందర్ ఈ రాగాల విషయంలో ఆయన వాదాన్ని బహిరంగంగా వ్యతిరేకించాడు. ఈ వివాదం పత్రికలకు కూడా ఎక్కింది.

వ్యతిరేకించేవారి వాదనకు బలమైన ఆధారాలే ఉన్నాయి. రాగమంటే స్వరాల జాబితా కాదు. తోడి, భైరవి వంటి రాగాలు గమకాలతో, విశేష సంచారాలతో, తరతరాల గాయకుల పాటతో రూపుదిద్దుకున్నాయి. ఆరోహణ అవరోహణలు కూర్చినంత మాత్రాన రాగం పుట్టినట్లయితే గణితం ద్వారా వేల కొద్దీ రాగాలు పుట్టించవచ్చు. అప్పుడు రాగమన్న మాటకు విలువ ఉండదు. అంతేకాక నాలుగు స్వరాలలో విస్తారమైన ఆలాపనకు చోటు తక్కువ.

ప్రాచీన గ్రంథాలను చూస్తే ఈ విషయం రెండు వైపులా కనిపిస్తుంది. నారదీయ శిక్ష వంటి గ్రంథాలలో ఒక స్వరం గల గానానికి ఆర్చికం, రెండు స్వరాలకు గాథికం, మూడు స్వరాలకు సామికం, నాలుగు స్వరాలకు స్వరాంతరం అన్న పేర్లు ఉన్నాయి. మతంగుని "బృహద్దేశి"లో నాలుగు, అంతకు తక్కువ స్వరాలు గల గానం మార్గ సంగీతం కాదని చెప్పబడింది. అటువంటి గానం శబర, పుళింద, కిరాత, ఆంధ్ర, ద్రావిడ మొదలైన జనుల వాడుకలో ఉన్నదని కూడా అందులో ఉంది. తెలుగువారి జోలపాటలలో, పిల్లల పాటలలో ఈనాటికీ మూడు నాలుగు స్వరాలతో నడిచేవి ఉన్నాయి. హిందుస్తానీ సంగీతంలో మాలశ్రీ రాగాన్ని ప్రధానంగా షడ్జమ, గాంధార, పంచమాలతోనే పాడే పద్ధతి ఉంది. కాబట్టి తక్కువ స్వరాల గానం కొత్తది కాదు. దానిని కర్ణాటక కచేరీ వేదికపై కృతిగా, రాగంగా నిలపడం కొత్త.

బాలమురళీకృష్ణ ఈ రాగాలను కాగితంపై ప్రతిపాదించి విడిచిపెట్టలేదు. వాటిలో సాహిత్యంతో కూడిన కృతులు రచించి, కచేరీలలో ఆలాపన, స్వరకల్పనలతో పాడాడు. 1975లో కె. బాలచందర్ దర్శకత్వంలో వచ్చిన "అపూర్వ రాగంగళ్" తమిళ చిత్రంలో ఎం. ఎస్. విశ్వనాథన్ మహతి రాగాన్ని ఒక పాటకు ఉపయోగించాడు. కె. జె. యేసుదాస్ పాడిన ఆ పాట ద్వారా ఈ రాగం సామాన్య శ్రోతలకు చేరింది. ఒక రాగం నిలిచిందా లేదా అన్నదానికి ఇతరులు దానిని పాడుతున్నారా అన్నదే గీటురాయి అయితే, మహతి, లవంగి రాగాలు ఆ పరీక్షలో నెగ్గినవనే చెప్పవచ్చు. తోడి వంటి రాగానికి ఉన్న విస్తారం వీటికి ఉందని మాత్రం చెప్పలేము.

స్వరాలను తగ్గించి సంగీతాన్ని శోధించడం అదే శతాబ్దంలో ఇతర దేశాలలోనూ జరిగింది. ఇటలీకి చెందిన ఆధునిక శాస్త్రీయ సంగీత రచయిత జచింతో షెల్సి (1905-1988) 1959లో వాద్యబృందం కోసం నాలుగు భాగాల రచన చేశాడు. అందులో ఒక్కొక్క భాగం ఒకే స్వరంపై ఆధారపడి ఉంటుంది. ఆ స్వరాన్ని వాయించే వాద్యాలు, ధ్వని తీవ్రత, సూక్ష్మమైన శ్రుతిభేదాలు మాత్రమే మారుతుంటాయి. షెల్సి నాదాన్ని వాద్యబృందం ద్వారా శోధించగా, బాలమురళీకృష్ణ సాహిత్యం, తాళం గల కృతి రూపంలోనే ఉండి స్వరాలను తగ్గించాడు. ఇద్దరి మార్గాలు వేరైనా, కొద్దిపాటి సామగ్రితో సంపూర్ణమైన సంగీతం సాధ్యమా అన్న ప్రశ్న ఒక్కటే.

తాళ ప్రయోగాలు

తాళంలో చేతి దెబ్బను సశబ్ద క్రియ అని, వేళ్ళ లెక్క, చేతి విసర్జన వంటివాటిని నిశ్శబ్ద క్రియలని అంటారు. సాధారణంగా ఒక ఆవర్తనంలోని క్రియలన్నీ ఒకే గతిలో నడుస్తాయి. బాలమురళీకృష్ణ సశబ్ద క్రియలకు మాత్రం వేరొక గతిని ఇచ్చి కొత్త తాళ వరుసను ఏర్పరచాడు. వీటికి త్రిముఖి, పంచముఖి, సప్తముఖి, నవముఖి అని పేర్లు.

ఉదాహరణకు ఆది తాళంలో ఎనిమిది క్రియలు ఉన్నాయి. వాటిలో మూడు దెబ్బలు, ఐదు నిశ్శబ్ద క్రియలు. అన్నీ చతురస్ర గతిలో ఉంటే ఆవర్తనానికి 32 మాత్రలు. మూడు దెబ్బలకు మాత్రం ఖండ గతిని, అంటే ఐదేసి మాత్రలను ఇస్తే మొత్తం 35 మాత్రలవుతుంది. క్రియల సంఖ్య మారకుండానే నడక మారుతుంది.

ఆకాశవాణి, అధ్యాపకత్వం

1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం తెలుగువారి సంగీతాభిరుచిని తీర్చిదిద్దడంలో ప్రధాన పాత్ర వహించింది. బాలమురళీకృష్ణ ఆ కేంద్రంలో సంగీత ప్రయోక్తగా పనిచేశాడు. ఉదయం ప్రసారమయ్యే "భక్తిరంజని" కార్యక్రమం ద్వారా ఆయన గొంతు ఇంటింటికీ చేరింది. ఇందులో పాడిన తత్త్వాలు, భద్రాచల రామదాసు కీర్తనలు, సదాశివ బ్రహ్మేంద్రుల కీర్తనలు శాస్త్రీయ సంగీతంతో పరిచయం లేనివారిని కూడా ఆకట్టుకున్నాయి. విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు ఆయన తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేశాడు. తరువాత మద్రాసులో స్థిరపడ్డాడు.

భీమ్‌సేన్ జోషి, హరిప్రసాద్ చౌరాసియా, కిశోరీ అమోన్‌కర్ వంటి హిందుస్తానీ విద్వాంసులతో కలిసి జుగల్‌బందీ కచేరీలు చేశాడు. రవీంద్రనాథ్ టాగూరు గీతాలను బెంగాలీలో పాడి రికార్డు చేశాడు. 1988లో దూరదర్శన్‌లో ప్రసారమైన "మిలే సుర్ మేరా తుమ్హారా" గీతంలో పాల్గొన్నాడు.

సినిమా రంగం

"నర్తనశాల" (1963) చిత్రంలో బెంగుళూరు లతతో కలిసి పాడిన "సలలిత రాగ సుధారస సారం" ఆయనకు గొప్ప పేరు తెచ్చింది. దాని సంగీత దర్శకుడు సుసర్ల దక్షిణామూర్తి, గురుపరంపరలో పేర్కొన్న దక్షిణామూర్తి శాస్త్రికి మనుమడు. "భక్త ప్రహ్లాద" (1967) చిత్రంలో బాలమురళీకృష్ణ నారదుడిగా నటించి, తన పాటలు తానే పాడాడు. "గుప్పెడు మనసు" (1979) చిత్రంలోని "మౌనమే నీ భాష" నేటికీ వినిపిస్తూనే ఉంది. తమిళంలో "తిరువిళైయాడల్" (1965), "కవిక్కుయిల్" (1977) చిత్రాలలోని పాటలు ప్రసిద్ధమైనవి.

జి. వి. అయ్యర్ దర్శకత్వంలో వచ్చిన కన్నడ చిత్రం "హంసగీతె" (1975)లో పాడినందుకు ఉత్తమ నేపథ్య గాయకుడిగా జాతీయ పురస్కారం పొందాడు. అదే దర్శకుడు తీసిన తొలి సంస్కృత చలనచిత్రం "ఆది శంకరాచార్య" (1983)కు సంగీతం సమకూర్చాడు. "మధ్వాచార్య" (1986) చిత్రానికి ఉత్తమ సంగీత దర్శకుడిగా జాతీయ పురస్కారం లభించింది.

పురస్కారాలు

* 1971 - పద్మశ్రీ
* 1975 - సంగీత నాటక అకాడమీ పురస్కారం
* 1978 - మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి
* 1991 - పద్మవిభూషణ్
* 2005 - ఫ్రాన్సు ప్రభుత్వం వారి షెవాలియర్ (కళలు, సాహిత్య విభాగం)

మరణం, ప్రభావం

బాలమురళీకృష్ణ 2016 నవంబర్ 22న చెన్నైలోని తన స్వగృహంలో, 86 ఏళ్ళ వయసులో మరణించాడు.

త్యాగరాజు కృతులలో అత్యధిక భాగం తెలుగులోనే ఉన్నా, తెలుగు మాతృభాష కాని గాయకులెందరో వాటిని పాడుతున్నారు. ఆ భాషలో కొత్త కృతుల రచన ఇంకా కొనసాగగలదని బాలమురళీకృష్ణ రచనలు నిరూపించాయి. ఆయన శిష్యులలో ఒకరైన ప్రిన్స్ రామవర్మ తన కచేరీల ద్వారా, శిక్షణ తరగతుల ద్వారా ఈ కృతులను ప్రచారం చేస్తున్నాడు. బాలమురళీకృష్ణ తిల్లానాలు, వర్ణాలు ఇప్పటికే ఇతర గాయకుల, నర్తకుల ప్రదర్శనలలో భాగమయ్యాయి. 72 మేళకర్త కృతులలో మాత్రం కొన్నే తరచుగా వినిపిస్తాయి. మిగిలినవి, ముఖ్యంగా వివాది మేళాలలోనివి, విద్యార్థుల సాధనపై ఆధారపడి ఉన్నాయి.